ఆలుచిప్పకి రాని కామెర్లు నాకెందుకొచ్చాయి?

బ్లడ్ రిపోర్ట్ పీడీఎఫ్ ఫోన్‌కి వచ్చినప్పుడు నేను గాజువాకలో మా ఇంట్లో, మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని స్టాండప్ కాల్‌లో ఉన్నాను. బిలిరుబిన్ 9 దాటింది. కింద ఇంకో లైన్: హెపటైటిస్ ఎ, పాజిటివ్. రెండ్రోజుల ముందే మా అమ్మ నా కళ్లు చూసి "కామెర్లురా" అంది. స్క్రీన్ ఎక్కువ చూస్తే కళ్లు అలాగే ఉంటాయని నేనే వాదించాను.

"నెల రోజుల కిందట బయట ఏం తిన్నావ్?" అన్నారు డాక్టర్ గారు.

నెల కిందట? నిన్న మధ్యాహ్నం ఏం తిన్నానో గుర్తుండదు నాకు. ఫోన్‌లో ఫొటోలు వెనక్కి జరుపుకుంటూ వెళ్తే దొరికింది. భీమిలి వైపు నలుగురం వీకెండ్‌కి వెళ్లినప్పటి ఫొటో. పళ్లెం నిండా పచ్చ ఆలుచిప్పలు, పైన బటర్, వెల్లుల్లి. రాళ్ల మీద నుంచి అప్పుడే తీసిన చిప్పలు కొనుక్కుని, రూములో మేమే వండుకున్నాం. రెసిపీ ఒక రీల్‌లోది. చిప్ప నోరు తెరవగానే దించేయాలట, ఇంకాస్త ఉంచితే రబ్బరు అయిపోతుందట. అలాగే దించేశాం. నలుగురం తిన్నాం, ఇద్దరికి కామెర్లు.

డాక్టర్ గారు నిజాయితీగానే చెప్పారు. ఈ వైరస్ ఒంట్లోకి వెళ్లిన 15 నుంచి 50 రోజుల్లో ఎప్పుడైనా బయటపడొచ్చు, కాబట్టి ఆలుచిప్పలే అని గట్టిగా అనలేం, తాగిన నీళ్లూ కావచ్చు. కానీ ఆ ఫొటో చూసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆరు వారాలు ఇంట్లోనే. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మా నాన్న ఎక్కడి నుంచో పసరు మందు తెచ్చారు. డాక్టర్ గారు వద్దన్నారు. వాళ్లిద్దరి మధ్య నేను పెరుగన్నం తింటూ బతికాను. రావాల్సిన ఆన్‌సైట్ ట్రిప్ ఇంకొకరికి వెళ్లిపోయింది. దొరికిన ఊరట ఒక్కటే. "ఇది ఒకసారి వస్తే మళ్లీ జన్మలో రాదు. నీ ఒళ్లు దీన్ని గుర్తుపెట్టుకుంటుంది" అన్నారాయన.

మంచం మీద పడుకుని ఆ మాటే ఆలోచిస్తుంటే ఒక ప్రశ్న పట్టుకుంది. నిజంగా ఆ వైరస్ ఆలుచిప్పలోంచే వచ్చుంటే, నాకంటే ముందు దాని ఒంట్లో ఉన్నట్టే కదా. అది హాయిగా రాయి పట్టుకుని కూర్చుంది. నేనేమో పసుపు రంగులోకి మారాను. దాని దగ్గర ఉన్నదేంటి, నా దగ్గర లేనిదేంటి?

గంటకి రెండు లీటర్ల సముద్రం

ఆలుచిప్ప, ఆయిస్టర్, ముత్యపు చిప్ప, గుల్ల, నత్త, శంఖం, గవ్వ... ఇవన్నీ మొలస్కా వర్గం. స్కూల్లో బట్టీ పట్టి మర్చిపోయినవే. వీటిలో రెండు చిప్పలున్నవాటికి తిండి సంపాదన అంటే నీళ్లు వడకట్టడమే. మొప్పల గుండా సముద్రాన్ని లాగి, అందులోని నాచు రేణువుల్ని పట్టుకుని, మిగతాది వదిలేస్తాయి. ఎదిగిన ఆలుచిప్ప ఒక్కటి గంటకి ఒకటి రెండు లీటర్లు ఇట్టే వడకడుతుంది.

ఇప్పుడు ఆ నీళ్లలో ఏముందో చూడండి. ఒక్క మిల్లీలీటరు, అంటే సుమారు ఇరవై చుక్కల సముద్రపు నీటిలో పది లక్షల దాకా బ్యాక్టీరియా, అంతకు పది రెట్లు వైరస్‌లు ఉంటాయి. చాలావరకు ఎవరికీ హాని చెయ్యనివే. అయినా లెక్క చూడండి: మనం రోజంతా కిక్కిరిసిన బస్సులో నోరు తెరుచుకుని నిలబడినా ఇన్ని క్రిములు లోపలికి పోవు. ఆలుచిప్ప జీవితాంతం అదే పని చేస్తుంది.

పైగా దాని రక్తనాళాలు మనవాటిలా మూసి ఉండవు. గుండె కొట్టిన రక్తం కండరాల సందుల్లోకి పారి, అవయవాల్ని తడిపి, తిరిగి గుండెకి చేరుతుంది. ఎక్కడ చిన్న గాయమైనా సముద్రం నేరుగా రక్తాన్ని తాకుతుంది. ఆ రక్తం ఎర్రగా కూడా ఉండదు, దాదాపు నీళ్లలాగే ఉంటుంది. కాకినాడ దగ్గర దొరికే ఒక రకం గుల్లలో మాత్రం మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, కోస్తే ఎర్రగా కారుతుంది.

గుర్తుపెట్టుకోని కాపలాదారు

మన ఒంట్లో రెండంచెల రక్షణ ఉంది. మొదటిది పుట్టుకతో వచ్చేది. ఎవరొచ్చినా, కొత్తగా కనిపిస్తే మీద పడిపోతుంది. రెండోది నేర్చుకునేది. వచ్చిన శత్రువుని చూసి, సరిగ్గా దానికే సరిపోయే యాంటీబాడీలు తయారుచేసి, ఆ వివరాలు ఏళ్ల తరబడి దాచుకుంటుంది. టీకాలు పనిచేసేది ఈ రెండోదాని వల్లే. నాకు కామెర్లు మళ్లీ రావని డాక్టర్ గారు చెప్పింది కూడా దీన్ని నమ్మే.

ఆలుచిప్పకి ఆ రెండోది లేదు. యాంటీబాడీలు లేవు, వాటిని తయారుచేసే కణాలు లేవు. ఉన్నదంతా పుట్టుకతో వచ్చిందే. దాంతోనే ఈ వర్గం 50 కోట్ల ఏళ్లకు పైగా బతుకుతోంది. నేను పేమెంట్ యాప్ బ్యాకెండ్‌లో పనిచేస్తాను. మా సెక్యూరిటీ టీం వాళ్లకి ఈ సంగతి చెబితే నమ్మలేదు. అప్‌డేట్ రాని యాంటీవైరస్‌తో మేం 50 రోజులు కూడా బతకలేం.

దాని సైన్యంలో ముఖ్యమైనవి హీమోసైట్లు. మన తెల్ల రక్తకణాల్లాంటివి. పనికిరానిది కనిపిస్తే చుట్టుముట్టి మింగేస్తాయి, లోపల ఎంజైములతో, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటైన రసాయనాలతో అరగదీస్తాయి. ఇలా కణాలు మింగి రక్షించడాన్ని మొదట అర్థం చేసుకున్నాయన రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సీనాలో, అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయట. 1908లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఆ బహుమతిని పంచుకున్న పాల్ ఎర్లిఖ్ యాంటీబాడీల పక్షం. మన రెండంచెల రక్షణా ఒకే వేదిక మీద నిలబడినట్టయింది.

మింగడమే కాదు. ఆలుచిప్ప జాతుల రక్తకణాల్లో మైటిలిన్, మైటిసిన్, డిఫెన్సిన్ అనే చిన్న చిన్న ప్రొటీన్లు ఉంటాయి. ఇవి క్రిముల్ని దెబ్బతీసి చంపుతాయి. నత్తల జిగురూ ఊరికే ఉండదు. వానాకాలంలో గోడలెక్కే పెద్ద ఆఫ్రికన్ నత్త తెలుసు కదా (1847లో ఒక ఇంగ్లిష్ పెద్దమనిషి మారిషస్ నుంచి కలకత్తా తెచ్చి తోటలో వదిలాడు, ఇప్పుడు మనం ఉప్పు చల్లుకుంటున్నాం), దాని జిగురులో అకాసిన్ అనే ప్రొటీన్ ఉంది, అది బ్యాక్టీరియాని చంపుతుంది. అలాగని ఆ నత్తని చేత్తో పట్టుకోకండి. ఎలుకల ఊపిరితిత్తుల పురుగు పిల్లలు దాన్లో ఉండొచ్చు, మనుషులకి మెదడు వాపు తెస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది 2020లో వచ్చిన ఒక పరిశోధన. మన పచ్చ ఆలుచిప్పకి చుట్టమైన మధ్యధరా సముద్రపు ఆలుచిప్ప జన్యువుల్ని పూర్తిగా చదివారు. అన్ని చిప్పల్లోనూ ఉండే జన్యువులు సుమారు 45 వేలు. మరో 20 వేల జన్యువులు మాత్రం ఒకదాంట్లో ఉంటే ఇంకోదాంట్లో అసలే ఉండవు. ఇలా కొన్నిటికే ఉన్నవాటిలో రక్షణకి పనికొచ్చేవి ఎక్కువ. అంటే ఒకే రాయి మీద పక్కపక్కన కూర్చున్న రెండు చిప్పలు ఒకే యాప్ వేసుకున్న రెండు ఫోన్లలాంటివి కావు, లోపల ఫైళ్లే వేరు. ఒక క్రిమి ఒక చిప్పని లొంగదీస్తే, పక్కదాని దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒక్కో చిప్పకి జ్ఞాపకం లేకపోయినా గుంపు మొత్తానికి ఇన్ని రకాల ఆయుధాలున్నాయి.

స్వాతి చినుకు కథ

మింగడానికి లొంగనంత పెద్దది లోపలికొస్తే? పురుగు పిల్ల లాంటిది? అప్పుడు చుట్టూ గోడ కట్టేయడమే. హీమోసైట్లు పొరలు పొరలుగా అంటుకుని దాన్ని మూసేస్తాయి. ఇంగ్లండ్ నత్తల మీద పనిచేసిన రాబీ రే 2017లో రాసినది చదివితే, నత్తలు తమ మీదకొచ్చిన నులిపురుగుల్ని పట్టుకుని, సొంత గుల్ల లోపలి గోడకి అతికించి, పైన పూత పూసి సమాధి చేస్తాయని తెలుస్తుంది. మ్యూజియంలలో దాచిన పాత గుల్లల్లో కూడా ఆ సమాధులు కనిపించాయి.

ఇక్కడే మనకి తెలిసిన వస్తువు వస్తుంది. స్వాతి కార్తెలో పడిన వాన చినుకు ముత్యపు చిప్పలో చేరి ముత్యమవుతుందని మా నాయనమ్మ చెప్పేది. తరవాత ఇంగ్లిష్ మీడియంలో ఇసుక రేణువు అని చెప్పారు. రెండూ కాదు. చిప్పకి ఇసుక కొత్తేం కాదు, ఊసిపారేస్తుంది. 1902లో లిస్టర్ జేమ్సన్ ఐరోపా ఆలుచిప్పల ముత్యాలు కోసి చూస్తే మధ్యలో కనిపించింది ఒక పరాన్నజీవి పిల్ల. సముద్రపు పక్షి కడుపులో పెద్దది కావాల్సిన చదును పురుగు. ప్రతి ముత్యంలోనూ పురుగు ఉండదు. పురుగు తొలిచినా, గాయమైనా, చిప్పని తయారుచేసే పైపొర కణాలు కొన్ని లోపలి కండలోకి నెట్టుకుపోతాయి. అవి అక్కడ సంచిలా పెరిగి, తమకి తెలిసిన ఒకే ఒక్క పని చేస్తాయి: మెరిసే పూత పూయడం.

కల్చర్ ముత్యం ఈ గాయాన్ని మనిషి కావాలని చేయడమే. జపాన్‌లో మికిమోటో 1893లో సగం ముత్యం తీశాడు. మన దేశంలో 1973లో తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ గుండ్రటి ముత్యం సాధించింది. అదే సంస్థకి మన పాండురంగాపురంలో కేంద్రం ఉంది. ఆర్కే బీచ్‌కి వెళ్లేటప్పుడు వందసార్లు దాని ముందు నుంచి వెళ్లుంటాను. అక్కడివాళ్లు సముద్రంలో కాకుండా ఒడ్డు మీద ట్యాంకుల్లోనే ముత్యపు చిప్పలు పెంచి ముత్యాలు తీశారని ఈ కామెర్ల పుణ్యమా అని తెలిసింది.

ఆపరేషన్ ఇలా ఉంటుంది. ఒక చిప్ప పైపొర ముక్క కోసి, ఒక చిన్న పూసతో కలిపి, ఇంకో చిప్ప కడుపులో పెడతారు. మనకైతే ఇది అవయవ మార్పిడి, జీవితాంతం మాత్రలు మింగాలి. చిప్ప మాత్రం వేరే చిప్ప కణాల్ని చాలాసార్లు ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే పూసని కక్కేస్తుంది, లేదా చచ్చిపోతుంది. హీమోసైట్లు గాయాన్ని మాన్పాలి, కానీ ముక్కని చంపకూడదు. ముత్యాల సాగు అంతా ఆ సన్నటి సందులో నడుస్తుంది. మా అమ్మ హైదరాబాద్‌లో కొన్న ముత్యాల దండని ఈ కళ్లతో చూస్తే, ప్రతి పూసా ఒక గాయం మానిన గుర్తే.

నా ప్రశ్నకి జవాబు

ఇక వైరస్ దగ్గరికి వద్దాం. హెపటైటిస్ ఎ మనిషి కాలేయంలో పెరుగుతుంది. మురుగు నీటితో సముద్రంలోకి చేరితే, వడకట్టేటప్పుడు ఆలుచిప్ప లోపలికి పోతుంది. అక్కడ పెరగలేదు. కాబట్టి చిప్పకి జబ్బు రాదు. సగం జవాబు ఇది.

మిగతా సగం చదివినప్పుడు లేచి కూర్చున్నాను. అమెరికాలో ఆయిస్టర్ల మీద పరిశోధన చేసినవాళ్లు 2011లో రాశారు. ఆయిస్టర్ హీమోసైట్లు ఈ వైరస్‌ని మామూలుగానే మింగేస్తాయి. కానీ అరగదీయలేవు. దీని పైతొడుగు అంత గట్టిది, యాసిడ్‌కీ తట్టుకుంటుంది. దాంతో వైరస్ ఆ కణాల లోపల రోజుల తరబడి, రోగం తెప్పించే శక్తితోనే ఉండిపోతుంది. చిప్ప దృష్టిలో పని అయిపోయింది, శత్రువుని జైల్లో పెట్టేసింది. ఆ జైలుని బటర్‌లో వేయించుకుని తిన్నది నేను.

1988 మొదట్లో షాంఘైలో దాదాపు 3 లక్షల మందికి ఇలాగే కామెర్లు వచ్చాయి. మురుగు కలిసిన చోట తీసిన గుల్లల్ని వేడినీళ్లలో ముంచి, పచ్చిపచ్చిగా తినడం అక్కడి అలవాటు. అప్పటికీ ఆ గుల్లలు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉండుంటాయి. చిప్పలో వైరస్ చావాలంటే మాంసం లోపలిదాకా 90 డిగ్రీల వేడి 90 సెకన్లు తగలాలని నిపుణుల లెక్క. నోరు తెరుచుకోవడానికి అంత అక్కర్లేదు. మా రీల్ ఆపమన్నది సరిగ్గా ఆ మధ్యలో. శుభ్రమైన నీళ్లలో రెండ్రోజులు ఉంచితే చిప్ప తనే బ్యాక్టీరియాని చాలావరకు బయటికి పంపేస్తుంది, కానీ వైరస్‌లు అంత తేలిగ్గా పోవు. కారణం మీకిప్పుడు తెలుసు.

మింగినా అరగని ఈ లోటుని చిప్పల సొంత శత్రువులూ వాడుకుంటాయి. పెర్కిన్సస్ మెరైనస్ అనే పరాన్నజీవిని 1950లో గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఆయిస్టర్లలో గుర్తించారు. హీమోసైట్ దాన్ని మింగుతుంది, అది లోపలే పిల్లలు పెట్టి, ఆ కణాన్నే బండిగా చేసుకుని ఒళ్లంతా తిరుగుతుంది. దాని దాయాది పెర్కిన్సస్ ఓల్సెనైని మన ఆగ్నేయ తీరపు ముత్యపు చిప్పల్లో కనుగొన్నట్టు 2010లో మన శాస్త్రవేత్తలే రాశారు. ఫ్రాన్స్‌లో 2008 నుంచి ఆయిస్టర్ పిల్లలు గుట్టలుగా చచ్చిపోయాయి. అక్కడ ఒక హెర్పిస్ రకం వైరస్ ముందు హీమోసైట్లని పడగొడుతుంది, తరవాత ఎప్పుడూ ఏమీ చెయ్యని బ్యాక్టీరియా లోపలికి దూరి ప్రాణం తీస్తుంది.

టీకా వేద్దామంటే గుర్తుపెట్టుకునే అంచె లేదు. మన గోదావరి జిల్లాల రొయ్యల రైతుల కష్టమూ ఇదే, రొయ్యకీ పుట్టుకతో వచ్చిన రక్షణే దిక్కు. అయితే ఫ్రెంచివాళ్లు ఆయిస్టర్లకి వైరస్‌ని పోలిన ఒక రసాయనం ఎక్కించి చూస్తే, అవి నెలల పాటు ఆ వైరస్‌ని తట్టుకున్నాయి. జ్ఞాపకం లేదని మనం అనుకున్న చోట ఏదో ఒకటి ఉంది. దాన్ని ఏమని పిలవాలో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు.

హార్బర్‌లో ఒక వలసదారు

విశాఖ పోర్టుకి ఈ కథలో సొంత పాత్ర ఉంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో, కరేబియన్ ప్రాంతపు చిన్న నల్ల చిప్ప ఒకటి 1967లో మన హార్బర్‌లో కనిపించింది. ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి బృందం 1971లో దాని గురించి 'కరెంట్ సైన్స్'లో రాసింది. ఇప్పుడు దాని పేరు మైటిలోప్సిస్ సల్లీ. ఓడల అడుగున అంటుకుని వచ్చే ఇలాంటి జీవులకి ఒక లాభం ఉండొచ్చు, సొంతూరి పరాన్నజీవులు అక్కడే ఉండిపోతాయి. ఇదే చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో తేలితే, వాళ్లు పడవల రేవులు మూసేసి, బ్లీచూ మైలుతుత్తమూ పోసి మొత్తం చంపేశారు. మన దగ్గర అది కాపురం పెట్టేసింది.

ఓడరేవు నీళ్లలో ఏ చిప్పకైనా ఖర్చు ఎక్కువ. వేడి, ఆక్సిజన్ తగ్గడం, లోహాలు, నూనె, వానలకి ఉప్పు పలచబడటం, వీటన్నిటికీ తట్టుకోవాలంటే శక్తి కావాలి, అది హీమోసైట్ల కోటాలోంచే పోతుంది. అందుకే ప్రపంచమంతా తీరం ఎంత పాడైందో ఆలుచిప్పల్ని అడిగి తెలుసుకుంటారు. రక్తకణాల్లో ఒక ఎర్ర రంగు వేసి, అది ఎంతసేపు లోపల నిలుస్తుందో చూస్తారు. తొందరగా కారిపోతే ఆ చిప్ప ఇబ్బందిలో ఉన్నట్టే. అమెరికాలో 1970లలో మొదలైన ఈ ఆలుచిప్పల కాపలాకి ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ ఆద్యుడు.

కళ్లు తెల్లబడ్డాక మా కొలీగ్ వాళ్లింటికి వెళ్లాను, పెద జాలారిపేట. వాళ్లమ్మకి సంగతంతా చెప్పాను. పిన్ని మొత్తం విని, "ఏటి బాబూ, ఎక్కడివో ఏటో అడక్కుండా కొనేశారేటి? గెడ్డ నోటికాడ తీసినవి మా ఇంట్లో పిల్లి కూడా ముట్టదు" అంది.

ఆ రోజు ఆవిడ వండుతోంది కూడా ఆలుచిప్పలే. గంపలోంచి ఒక్కొక్కటీ తీసి, నోరు కాస్త తెరుచుకున్నదాన్ని గరిటెతో టక్‌మని కొట్టింది. మూసుకుంటే గిన్నెలోకి, మూసుకోకపోతే బయటికి. చచ్చిన చిప్పలో కాపలా ఆగిపోతుంది, లోపలి బ్యాక్టీరియా గంటల్లో దాన్ని కుళ్లబెడుతుంది. ఆవిడకి హీమోసైట్ పేరు తెలీదు, గరిటె దెబ్బ చాలు. నేను పదిహేనేళ్ల చదువుతో ఆ ఒక్క పనీ చేయలేదు.

చిప్పలు నోళ్లు తెరిచాయి. పిన్ని గిన్నె దించబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. నాకు హెపటైటిస్ ఎ మళ్లీ రాదు, నిజమే. కానీ సముద్రంలో ఉన్న వైరస్ అదొక్కటే కాదు. పది నిమిషాలు మరిగాక మళ్లీ దించబోయింది. ఇంకో ఐదు నిమిషాలన్నాను.

"రబ్బరైపోతాది బాబూ."

"అవనీ పిన్నీ" అన్నాను.